మట్టి పిలుస్తోంది.. మరి మణికట్టు ఏమంటోంది?

చదువుకునే రోజుల్లో క్రాఫ్టు తరగతిలో మట్టి ముంతలు చేసి ఉంటారు. లేదా తాతగారింట్లో కుమ్మరి సారె తిరుగుతుంటే చూస్తూ పెరిగి, ఆనక ఏ బ్యాంకు ఉద్యోగంలోనో స్థిరపడి ఉంటారు. పెళ్లి, పిల్లలు, బదిలీల మధ్య మట్టి సంగతే మరిచిపోయారు. ఇప్పుడు రిటైరయ్యారు. ఇంట్లో ఓ మూల కరెంటు సారె పెట్టుకుని, చేసిన కప్పులూ కూజాలూ నలుగురికీ అమ్మితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. ‘ఇప్పుడెందుకమ్మా నీకీ శ్రమ?’ అని పిల్లలు ఫోన్లో అంటున్నారు.

మంచి ఆలోచనే. ఆరోగ్యానికీ మేలు చేసేదే. కాకపోతే సరదాగా మొదలైన పని అమ్మకం దాకా వచ్చేసరికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. వచ్చే ఆర్డర్లకు మీ చేతులు తట్టుకుంటాయా? మీ జాడీలో పచ్చడి పెట్టుకునే కుటుంబానికి అది క్షేమమేనా? ఈ రెండింటికీ జవాబు చూసుకున్నాకే బేరానికి దిగండి.

వయసు అడ్డు కాదు

అమరావతి ప్రాంతానికి మట్టిపని కొత్త కాదు. పక్కనే ఉన్న ధరణికోటలో 1962-65 మధ్య పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే ప్రాచీన కాలం నాటి మట్టిపాత్రల ముక్కలు బయటపడ్డాయి. విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన రాతి పలకను కుటుంబంతో కలిసి అమరావతి స్తూపానికి దానమిచ్చాడని అక్కడి శాసనం చెబుతోంది. ఆ నిండుకుండే ఇవాళ ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉంది.

ఇక వయసు మాటకొస్తే, అమెరికా కళాకారిణి బియాట్రిస్ వుడ్ మట్టిపని నేర్చుకోవడం మొదలుపెట్టింది నలభయ్యో ఏట, 1933లో. ఆ తర్వాత కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో స్థిరపడ్డారు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మీది అభిమానమే ఆమెను ఆ ఊరికి నడిపించింది. 1961లో భారతదేశానికి వచ్చి తన పాత్రలను ప్రదర్శించారు. నూరేళ్లు దాటాక కూడా పని మానలేదు. 1998లో 105 ఏళ్లు నిండాక కన్నుమూశారు. అంత ఆయుష్షుకు మట్టే కారణమని చెప్పలేం. నలభైలో మొదలుపెట్టినా అరవై ఏళ్ల పని ముందుండొచ్చని మాత్రం ఆమె జీవితం చూపిస్తుంది.

మెదడుకు మేత, మనసుకు ఊరట

అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు సగటున 87 ఏళ్ల వయసున్న 256 మందిని దాదాపు నాలుగేళ్లపాటు గమనించారు. ఫలితాలు 2015లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చాయి. నడివయసులోనూ ముసలితనంలోనూ కుండల పని, కుట్టుపని, వడ్రంగం వంటివి చేసినవారిలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి మందగించే తొలిదశ సమస్య 45 శాతం తక్కువగా కనిపించింది. స్నేహితులతో కలిసిమెలిసి ఉన్నవారిలో అది 55 శాతం తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవారే ఇలాంటి పనులు ఎక్కువగా చేస్తుండవచ్చు కాబట్టి, మట్టి పిసికితే మతిమరుపు రాదని దీనికి అర్థం కాదు. కానీ చేతికి పని, పక్కన మనుషులు ఉండటం మంచిదనేందుకు ఇదో ఆధారం.

డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 39 మందికి మట్టి, రంగుపెన్నులు, కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు నచ్చింది చేయమన్నారు. దాదాపు నాలుగింట మూడొంతుల మందిలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. పనితనం ఉన్నవారికీ, తొలిసారి చేసినవారికీ పెద్ద తేడా లేదు. కాబట్టి ముప్ఫై ఏళ్ల విరామం తర్వాత తొలి కుండ వంకరగా వచ్చినా దిగులుపడకండి.

చేతులు చెప్పేది వినండి

సారె మీద ముద్దను నడిమధ్యకు తెచ్చి నిలిపేటప్పుడు మణికట్టు మీద భారం పడుతుంది. మట్టిని పిసికేటప్పుడు బొటనవేలి మొదలు నలుగుతుంది. యాభై దాటాక, ముఖ్యంగా మహిళల్లో, ఆ కీలు అరుగుదల మామూలే. అందుకే ఈ జాగ్రత్తలు:

• నేలమీద గొంతుక్కూర్చుని తిప్పే సారె మోకాళ్లకు కష్టం. కుర్చీలో కూర్చుని పనిచేసే ఎత్తులో సారె పెట్టుకోండి. తుంటి మోకాళ్ల కన్నా కాస్త పైన ఉంటే నడుము వంగదు. మోచేతులను తొడలకు ఆనించి పనిచేస్తే భారం మణికట్టు ఒక్కదానిమీదే పడదు.

• మట్టి మెత్తగా ఉండాలి. గట్టిపడిన మట్టితో కుస్తీ పట్టకండి. తొలి రోజుల్లో ముద్ద అరకిలో దాటనివ్వకండి.

• పాతిక నిమిషాలు పని, అయిదు నిమిషాలు విరామం. లేచి నడవండి. వేళ్లు చాపి ముడవండి.

• వేళ్లు నొప్పిగా ఉన్న రోజున సారె జోలికి వెళ్లొద్దు. మట్టిని తాళ్లలా చేసి చుట్లుగా పేర్చడం, పలకలుగా పరిచి అతకడం వంటి చేతి పద్ధతులున్నాయి. వాటితోనూ అందమైన పాత్రలొస్తాయి.

• మట్టి బస్తా ఒక్కరే ఎత్తకండి. అయిదేసి కిలోల చొప్పున విడదీసి పెట్టమనండి.

మధుమేహం ఉంటే ఇంకొంచెం జాగ్రత్త. తడి మట్టిలో చర్మం ఎండి పగులుతుంది, ఆ పగుళ్లలోంచి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. పని కాగానే చేతులు కడిగి, తుడిచి, కొబ్బరినూనె రాయండి. వేళ్ల స్పర్శ తగ్గినవారు వేడి బట్టీ దగ్గరికి వెళ్లకపోవడమే మేలు.

మన నేల, మన ఎండ

గుంటూరు, ప్రకాశం మైదానాల్లోని నల్లరేగడి పత్తికి మంచిదే కానీ కుండకు ఇబ్బందే. తడిస్తే ఉబ్బి, ఆరితే బాగా కుంచించుకుపోయే గుణం వల్ల పాత్ర పగుళ్లిస్తుంది. పెరట్లో మట్టి తవ్వి తెచ్చుకోకండి. ఏ మట్టికి ఎంత ఇసుక కలపాలో మీ దగ్గర్లోని కుమ్మరి కుటుంబానికి తెలుసు. వాళ్ల దగ్గర మట్టి కొనండి. డబ్బు చెల్లించి పని నేర్చుకోండి. వాళ్ల ఆవంలో మీ ప్రమిదలు కాల్చమని అడిగి కూలి ఇవ్వండి. మీకు ఇది వ్యాపకం, వాళ్లకు అది బతుకుతెరువు. ఆ తేడా గుర్తుండాలి.

మన వేసవి సంగతి చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో ఉదయం తొమ్మిదిలోపే పని ముగించండి. బట్టీ పని చల్లటి నెలలకు వాయిదా వేయండి. ఆస్తమా ఉన్నవారు కట్టెల పొగకు దూరంగా ఉండాలి.

తుడవండి, ఊడవకండి

తడి మట్టితో భయం లేదు. ఎండిన మట్టి పొడితోనే చిక్కు. అందులో ఉండే సన్నటి సిలికా రేణువులు ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. పనిచేసిన చోట చీపురు వాడొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఎండిన పాత్రను గరుకు కాగితంతో రుద్దకుండా, తడి స్పాంజితో నునుపు చేయండి. పొడి మట్టి కలపాల్సి వస్తే ఎన్95 మాస్కు పెట్టుకుని ఆరుబయట కలపండి. పడగ్గదిలో, వంటింట్లో సారె వద్దే వద్దు.

పచ్చడి జాడీ అయితే ఆగండి

మనవాళ్లు చేత్తో చేసిన జాడీ చూడగానే అడిగే మొదటి మాట, ‘ఆవకాయకు పనికొస్తుందా?’ అనే. ఇక్కడ తొందరపడి అవునని చెప్పకండి.

పాత్ర నిగనిగలాడటానికి వేసే గాజు పూతల్లో కొన్నింటిలో, తక్కువ వేడికే కరిగేందుకు సీసం కలుపుతారు. ఎరుపు, నారింజ, పసుపు రంగుల కోసం వాడే కొన్ని పదార్థాల్లో కాడ్మియం ఉండొచ్చు. మామిడి, చింతపండు, నిమ్మ, గోంగూర అన్నీ పులుపే. ఆ పులుపు నెలల తరబడి పూతను తాకుతూ ఉంటే సీసం పచ్చడిలోకి దిగుతుంది. రంగు మారదు, రుచీ మారదు. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. పెద్దల్లో రక్తపోటు పెంచుతుంది, మూత్రపిండాలకు చేటు చేస్తుంది. ఇంత వరకైతే ఫర్వాలేదని చెప్పదగిన సురక్షిత మోతాదంటూ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

సీసం లేని, ఆహారానికి పనికొచ్చే పూతే కొనండి. తయారీదారు చెప్పినంత వేడిలో కాల్చండి. సరిగా కరగని పూత ఎంత మంచిదైనా నమ్మకం ఉండదు. ఆ తర్వాత నమూనా పాత్రను ప్రయోగశాలకు పంపండి. అందులో 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచి, ఎంత సీసం, కాడ్మియం దిగాయో కొలుస్తారు. పూత మార్చినా, రంగు మార్చినా మళ్లీ పరీక్ష చేయించాల్సిందే. ఇంట్లో వెనిగర్ పోసి కడిగితే దోషం పోతుందనుకోవద్దు.

పూత లేని మట్టి పాత్ర మంచినీళ్లకు హాయి. ఊట చెమర్చి ఆరిపోతూ నీటిని చల్లబరుస్తుంది. అదే గుణం వల్ల పచ్చడికి పనికిరాదు. ఉప్పూ నూనే గోడలోకి ఇంకుతాయి. ఊరగాయకు 1200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కాలి, గట్టిపడిన జాడీలే తగినవి. పరీక్ష చేయించే వీలు లేకపోతే ప్రమిదలు, పూలకుండీలు, పెన్ను స్టాండ్లు చేయండి. అడుగున ‘ఆహారానికి కాదు’ అని చెక్కండి.

లెక్క ముందు, ఆర్డరు తర్వాత

వారానికి నాలుగు రోజులు, రోజుకు రెండు గంటలు మీ చేతులు హాయిగా పనిచేస్తాయనుకుందాం. కప్పు ఒక్కోటి అన్ని దశలూ కలిపి గంట పని అనుకుంటే వారానికి ఎనిమిది, నెలకు 32. విరిగేవి, పగిలేవి పోగా పాతిక మిగలొచ్చు. అంటే మీ దుకాణం పరిమాణం నెలకు పాతిక కప్పులు. ఆర్డరు పుస్తకంలో అంతకు మించి రాయకండి.

ధర కూడా అలాగే కట్టండి. ఉదాహరణకు మట్టి, పూత 40 రూపాయలు, కాల్పు 60, మీ గంట శ్రమ 150 వేసుకుంటే 250. పది చేస్తే ఎనిమిదే నిలిచినప్పుడు ఒక్కోటి దాదాపు 313 పడుతుంది. ఇంతకన్నా తక్కువకిస్తే ఆ లోటు పూడ్చడానికి ఇంకా ఎక్కువ చేయాల్సి వస్తుంది. ఆ భారం మోసేది మీ మణికట్టే. అపార్ట్‌మెంట్ సంక్రాంతి స్టాల్, డ్వాక్రా బజారు, వాట్సాప్ గ్రూపు.. ఎక్కడ అమ్మినా ఈ లెక్క మారదు. చేతివృత్తే జీవనాధారమైన కుమ్మరులకు పీఎం విశ్వకర్మ పథకం కింద శిక్షణ, పనిముట్లకు 15 వేల రూపాయల సాయం, రుణాలు ఉన్నాయి. మీకు పని నేర్పే కుటుంబానికి తెలియకపోతే ఈ సంగతి చెప్పండి.

ఇలా ఉంటే డాక్టరును కలవండి

• రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే.
• బొటనవేలి వైపు మణికట్టు నొప్పితో గ్లాసు ఎత్తడం కూడా కష్టమైతే.
• పొద్దున్నే వేళ్లు వాచి, అరగంట దాటినా బిగుసుకుని ఉంటే.
• మూడు వారాలకు మించి దగ్గు తగ్గకపోయినా, కాస్త నడిస్తేనే ఆయాసం వస్తున్నా.

మందు బిళ్ల వేసుకుని ఆర్డరు పూర్తిచేద్దామనుకోకండి. తొలిదశలో పట్టీ, విశ్రాంతి, ఫిజియోథెరపీతో చాలామందికి తగ్గిపోతుంది. ఆలస్యం చేస్తే శస్త్రచికిత్స దాకా వెళ్లొచ్చు.

కార్తికం వస్తోందంటే ఎవరో ఒకరు ఫోన్ చేసి 500 ప్రమిదలు కావాలంటారు. ‘వంద నేను చేసిస్తానండీ, మిగతావి మా ఊరి కుమ్మరి దగ్గర తీసుకోండి’ అని ఆయన నంబరు ఇవ్వండి. ఆ వందా రెండు నెలల ముందే మొదలుపెట్టండి.