ముందు ఏది తియ్యాలి?

‘రాతిగుడికి నిప్పుతో ఏం భయం?’ అని వరంగల్‌లో చాలామంది నాతో అన్నారు. కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప... అన్నీ రాయే కదా అని వాళ్ల ధీమా. అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైన నాకు ఆ ధీమా లేదు. రాయి మండదు, నిజమే. కానీ పగులుతుంది. గ్రానైటులో ఉండే క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది. పక్కనున్న ఖనిజాలు అంతగా ఉబ్బవు. దాంతో లోపల చీలికలు పుట్టి పైపొర పెచ్చులుగా రాలిపోతుంది. కాగిన రాయి మీద చల్లటి నీళ్లు ఒక్కసారిగా కొడితే చీలిక ఇంకా లోతుకు దిగుతుంది. శిల్పి చెక్కిన నగలు, ముఖాలు ఉండేది ఆ పైపొరలోనే.

ఉత్సవాల రోజుల్లో ఏ పాత గుడి దగ్గరైనా గుడ్డ పందిళ్లు, సీరియల్ లైట్లు, జనరేటర్లు, అతుకుల వైర్లు, నూనె దీపాలు ఒక్కచోట చేరతాయి. 2018 ఫిబ్రవరి 2న మదురై మీనాక్షి గుడిలో దుకాణాలు అంటుకుని, రాతితో కట్టిన వీరవసంతరాయ మండపం దెబ్బతింది. పైకప్పు కొంత కూలింది. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం షెడ్డులోనే కాలిపోయింది. టేకు ఉంది, పనివాళ్లు ఉన్నారు కాబట్టి మరుసటి ఫిబ్రవరి కల్యాణోత్సవానికి కొత్త రథం సిద్ధమైంది. కాలిపోయిన తాళపత్రాన్ని అలా చేయించుకోలేం. 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం లాంటి పాత గ్రంథాలయాలను తలచుకుంటే నాకు ఈ దిగులే ముందు కలుగుతుంది.

ఫైరింజన్ వచ్చేసరికి మా వాళ్లకు ఎదురయ్యేది పొగ, చీకటి, తాళాలు. మనుషులను బయటికి తేవడం మొదటి పని, అందులో రెండో మాట లేదు. ఆ తర్వాత లోపల ఏది విలువైనదో, ఎక్కడుందో మాకు తెలియదు. అప్పుడు అడిగితే చెప్పేవాళ్లూ కంగారులో ఉంటారు.

2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోటర్‌డామ్ చర్చి అంటుకున్నప్పుడు అలారం మోగింది. చూడ్డానికి వెళ్లిన కాపలామనిషి వేరే కప్పు కిందికి వెళ్లాడు. సుమారు అరగంట పోయింది. అయినా క్రీస్తుదని నమ్మి క్రైస్తవులు ఎంతో పూజించే ముళ్లకిరీటం దక్కింది. ఏది ముందు తియ్యాలో అగ్నిమాపక దళానికి ముందే తెలుసు. మనుషులు వరుసగా నిలబడి వస్తువులను చేతులు మార్చి బయటికి పంపారు. అయితే కిరీటం ఉన్న ఇనప్పెట్టె కోడ్ తెలిసిన ఉద్యోగి అప్పుడు ఊరి బయట ఉన్నాడు, పరుగున రావలసి వచ్చింది. ముందు తియ్యాల్సిన వస్తువుల జాబితా ఒకటి రాసిపెట్టుకోవాలనీ, అందులో తాళం సంగతి కూడా ఉండాలనీ దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ జాబితాకు ఒక్క కాగితం చాలు. ఉదాహరణకు మొదటి వరుసలో ఇలా రాయాలి: ‘తాళపత్రాల పెట్టె. తూర్పు గది, రెండో బీరువా, కింది అర. బరువు 12 కిలోలు, ఇద్దరు మొయ్యాలి. తాళం ఆఫీసులోనూ, కార్యదర్శి ఇంట్లోనూ. దించాల్సింది ఎదురింటి వరండాలో.’ పక్కన ఫొటో ఉండాలి. ఇలాంటివి పది వరుసలు దాటకూడదు, పొగలో యాభై ఎవరూ వెతకలేరు. మెయిన్ స్విచ్ ఎక్కడ, నీళ్లు ఎక్కడ, ఫైరింజన్ ఏ సందులోంచి పడుతుంది అన్నవి కింద రాసి, లామినేషన్ చేయించి, ఒక నకలు దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌లో ఇవ్వాలి. 101కి ఫోన్ చేసేది ఎవరో కూడా పేరుతో రాయాలి.

మంట ఆరాక రెండో ప్రమాదం మొదలవుతుంది. అది మేం కొట్టిన నీళ్లతోనే వస్తుంది. అర నిండా బిగించి పెట్టిన పుస్తకాలు పత్తి బేళ్లలా అంచులే కాలతాయి, లోపల మిగులుతాయి. కానీ నీళ్లు తాగి ఉబ్బి అట్టలు విడిపోతాయి. మన ఉక్కలో రెండు రోజుల్లో బూజు పడుతుంది. తడిసిన పుస్తకాన్ని తెరవకూడదు, ఎండలో పెట్టకూడదు. కూరగాయల ప్లాస్టిక్ ట్రేలో చేర్చి నీడకు తేవాలి. కొంచెమే తడిస్తే నిలబెట్టి, పేజీల మధ్య అచ్చులేని తెల్లకాగితం పెట్టి, ఫ్యాన్ గాలి తగలనివ్వాలి. బాగా నానినవి వందల్లో ఉంటే గడ్డకట్టించడమే దారి. 2004లో జర్మనీలోని వైమార్‌లో అన్నా అమాలియా గ్రంథాలయం అంటుకుంటే 50 వేల పుస్తకాలు పోయాయి, దెబ్బతిన్న 62 వేల పుస్తకాలను గడ్డకట్టించి, మెల్లగా ఆరబెట్టి బాగుచేయడం మొదలుపెట్టారు. వరంగల్‌లో మిర్చి కోల్డ్ స్టోరేజీలకు కొదవలేదు. అయితే వాటి చల్లదనం బూజును నిదానింపజేస్తుందే గానీ పుస్తకాన్ని గడ్డకట్టించదు. అందుకు ఐస్‌క్రీం గోదాము కావాలి. దాని యజమాని నంబరూ ఆ కాగితంలో ఉండాలి.

ఇంత పట్టుదల మన ఊరికి కొత్తదేం కాదు. వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని విప్పి, ఏ రాయి ఎక్కడిదో నంబర్లు వేసి, మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. అంత శ్రద్ధ విపత్తు రాకముందే బీరువాల మీదా పెట్టగలం. మీ ఊరి గుడి కమిటీనో, లైబ్రరీ కార్యదర్శినో ఈ వారమే అడగండి: నిప్పంటుకుంటే ముందు ఏది తియ్యాలి? జవాబు వెంటనే రాకపోతే, ఫైర్ స్టేషన్ వాళ్లనూ పిలిచి, ఒక ఆదివారం అందరూ కలిసి కూర్చుని ఆ కాగితం రాయండి.