ఫ్రీ సర్వీసుకు బిల్లెందుకు వస్తుంది?

కొత్త బండి కొన్న నెలకో, అంతకు ముందో షోరూం నుంచి ఫోన్ వస్తుంది, ఫస్ట్ ఫ్రీ సర్వీసుకు రమ్మని. పొద్దున బండి ఇచ్చి సాయంత్రం వెళ్తే కౌంటర్లో నాలుగైదు వందల బిల్లు చేతిలో పెడతారు. ఫ్రీ అన్నారు కదా అంటే, "లేబరే ఫ్రీ సార్, ఆయిల్‌కి కట్టాలి" అంటారు. ఆ మాట నిజమే. బండి అమ్మిన రోజే చెప్పాల్సిన మాట అది. చాలాచోట్ల చెప్పరు కాబట్టి లెక్కంతా ఇక్కడ చూద్దాం.

స్ప్లెండర్ లాంటి వంద సీసీ బండినే తీసుకోండి. మొదటి సర్వీసులో ఇంజిన్ ఆయిల్ మారుస్తారు. డబ్బా ఎమ్మార్పీ 400 రూపాయలనుకుందాం. పాత ఆయిల్ దింపడానికి విప్పే బోల్టు కింద చిన్న వాషర్ ఉంటుంది, దానికో పది. గ్రీజు, తుడిచే సామగ్రి లాంటి వాటిని బిల్లులో 'కన్స్యూమబుల్స్' అంటారు, అంటే పనిలో ఖర్చయిపోయే సరుకు. దానికి 40. మొత్తం 450. పెట్రోలు లీటరు 107 రూపాయలనుకుంటే ఈ బిల్లు నాలుగు లీటర్ల పైచిలుకు పెట్రోలుతో సమానం. మీ ఊరిని బట్టి, డబ్బా ధరను బట్టి యాభై అటూ ఇటూ అవుతుంది. వంద సీసీ బండి మొదటి సర్వీసు బిల్లు వెయ్యి దాటిందంటే మాత్రం ఒక్కో వరుసా చదవాల్సిందే.

బుల్లెట్ వాళ్ల సంగతి వేరు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి ఒకటిన్నర లీటరు దాటి ఆయిల్ పడుతుంది. అదీ సెమీ సింథటిక్ రకం, అంటే మామూలు ఆయిల్‌లో ప్రయోగశాలలో తయారైన ఆయిల్ కొంత కలిపినది, కాబట్టి లీటరు ధర కూడా ఎక్కువే. పైగా ఆయిల్ ఫిల్టర్ మార్చాలి. అందుకే అక్కడ పదిహేను వందల నుంచి రెండు వేల పైచిలుకు వరకు అవుతుంది. స్ప్లెండర్‌లో మార్చి పారేసే కాగితపు ఆయిల్ ఫిల్టర్ ఉండదు. జల్లెడ లాంటి తెర, గిరగిర తిరుగుతూ మడ్డిని పక్కకు నెట్టే ఒక గిన్నె ఉంటాయి. వాటిని శుభ్రం చేస్తారంతే. కాబట్టి స్ప్లెండర్ బిల్లులో ఆయిల్ ఫిల్టర్ అని కొత్త పార్టు ధర కనిపిస్తే అదేమిటని అడగండి.

జీఎస్టీ దగ్గర చాలామందికి అనుమానం వస్తుంది. డబ్బా మీద ఎమ్మార్పీ అంటే అన్ని పన్నులూ కలిపిన ధర. దాని మీద మళ్లీ పన్ను వేయకూడదు. 400 రూపాయల డబ్బాకు సరైన బిల్లులో సరుకు విలువ 338.98, కేంద్ర జీఎస్టీ 9 శాతం 30.51, రాష్ట్ర జీఎస్టీ 9 శాతం 30.51 అని ఉంటుంది. మూడూ కలిపితే 400. అలా కాకుండా 400 వేసి, దాని కింద 18 శాతం కలిపి 472 చేస్తే 72 రూపాయలు అదనంగా తీసుకున్నట్టే. స్పేర్ పార్టుల మీద ఉన్న 28 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దిగింది, కాబట్టి వాటికీ ఇదే లెక్క. బిల్లులో తప్పును అడిగినా సరిచేయకపోతే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.

మరి లేబరు నిజంగానే ఫ్రీయా? మీ మటుకు ఫ్రీయే. మీ ఫ్రీ సర్వీసు కూపన్ చూపించి డీలరు ఆ డబ్బు కంపెనీ దగ్గర తీసుకుంటాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఉచితంగా చేస్తున్నారు కదా, గట్టిగా అడిగితే ఏం బాగుంటుందని మొహమాటపడేవాళ్లున్నారు. పనికి డబ్బు ముడుతోంది. క్లచ్ కేబుల్ సరిచేశారా, చైన్ బిగించారా, బోల్టులన్నీ చూశారా అని దగ్గరుండి అడిగి చేయించుకోవచ్చు.

ఇక ఎప్పుడు తీసుకెళ్లాలి? హీరో స్ప్లెండర్‌కు 500 నుంచి 750 కిలోమీటర్లు, లేదా 60 రోజులు. హోండా షైన్‌కు 750 నుంచి 1000 కిలోమీటర్లు, లేదా 15 నుంచి 30 రోజులు. బజాజ్ పల్సర్‌కు 500 నుంచి 750 కిలోమీటర్లు, లేదా 30 నుంచి 45 రోజులు. క్లాసిక్ 350కి 500 కిలోమీటర్లు, లేదా 45 రోజులు. మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి మీ బండితో ఇచ్చిన పుస్తకంలో ఉన్నదే లెక్క. ఇందులో 'ఏది ముందైతే అది' అన్న షరతును చాలామంది గమనించరు.

విజయవాడ నుంచి గుంటూరుకు రోజూ డ్యూటీకి వెళ్లొచ్చే మనిషికి రానూపోనూ 70 కిలోమీటర్లు. ఆయనకు పదకొండో రోజుకే 750 దాటుతుంది. నగరంలో ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడు రోజుకు వంద తిరిగితే ఐదు రోజులకే 500 వచ్చేస్తుంది. పొలానికీ పాలకేంద్రానికీ రోజుకు పది కిలోమీటర్లు తిరిగే రైతు షైన్ కొంటే నెలకు 300 మాత్రమే. మీటరు వెయ్యికి చేరే దాకా ఆగుదామనుకుంటే మూడు నెలల పైనే పడుతుంది, ఈలోపు 30 రోజుల గడువు ఎప్పుడో దాటిపోతుంది. సంక్రాంతి ముందు హైదరాబాద్‌లో బండి తీసుకుని విజయవాడ వైపు సొంతూరికి వెళ్లొచ్చేవాళ్లకు ఆ ఒక్క ప్రయాణంలోనే 550 అయిపోతుంది. కొత్త ఇంజిన్‌ను గంటల తరబడి ఒకే వేగంతో హైవే మీద లాగడం మంచిది కాదు. వెళ్లక తప్పకపోతే వేగం మారుస్తూ, మధ్యలో ఆగుతూ వెళ్లాలి.

రోజుల లెక్క బండి బిల్లు తేదీ నుంచి మొదలవుతుంది. పర్మనెంట్ నంబరు వచ్చాక వెళ్దామని ఆగేవాళ్లను చూస్తుంటాను. దానికోసం ఆగక్కర్లేదు, ఛాసిస్ నంబరుతోనే జాబ్ కార్డు, అంటే చేయాల్సిన పనుల చీటీ రాస్తారు. కొన్న షోరూంకే వెళ్లాలని కూడా లేదు. వరంగల్‌లో కొన్న బండిని అదే కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరు ఎక్కడున్నా, బెంగళూరులోనైనా సరే, చూపించుకోవచ్చు.

ఐదారు వందల కిలోమీటర్లకే ఆయిల్ మార్చడం దండగ కదా అనే ప్రశ్న సహజం. కొత్త రోలు తెచ్చాక మొదట రుబ్బిన పిండి పారబోస్తాం, రాతి పొడి కలిసి ఉంటుందని. ఇంజిన్‌లోనూ జరిగేది అదే. సిలిండరు లోపలి గోడ మీద కంటికి ఆనని గీతలు కావాలనే పెడతారు. పిస్టన్ రింగులు వాటి మీద రాసుకుంటూ కుదురుకుంటాయి. గేర్ల పళ్లూ అంతే. ఈ అరుగుదలంతా మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే ఎక్కువ, ఆ లోహపు నలుసులన్నీ ఆయిల్‌లోకే చేరతాయి. దింపిన ఆయిల్‌ను ఎండలో పట్టి చూడండి, వెండి పొడి చల్లినట్టు మెరుస్తుంది. దాన్నే ఇంకో రెండు వేల కిలోమీటర్లు తిప్పితే ఆ నలుసులు బేరింగుల మధ్య తిరుగుతూనే ఉంటాయి.

బిల్లు పెరిగేది సాధారణంగా కౌంటర్లో అడిగే అదనాల దగ్గర. టెఫ్లాన్ కోటింగ్ 600, ఇంజిన్‌లో పోసే అడిటివ్ 250, స్ప్రే 150 అనుకుంటే 450 బిల్లు కాస్తా 1450 అవుతుంది. నెల కూడా నిండని పెయింటుకు కోటింగ్ అవసరమని నేననుకోను. అడిటివ్ అయితే వద్దనే చెబుతాను. మోటార్‌సైకిల్‌లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. జారుడు పెంచే మందు పోస్తే క్లచ్ కూడా జారే ప్రమాదముంది. ఆయిల్ డబ్బా మీద 'జాసో ఎంఏ' అని ఉండేది ఇందుకే, క్లచ్ జారని రకమని దాని అర్థం. జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు "చెప్పకుండా అదనపు పని చేయవద్దు" అని రాయించండి.

అసలు పని గంట, గంటన్నర మించదు. వేడిగా ఉన్న ఆయిల్ చుక్కా మిగలకుండా దిగడానికే పది పదిహేను నిమిషాలు వదిలేయాలి. మిగతా ఆలస్యమంతా వరుసలో వేచి ఉండటం, వాటర్ సర్వీసింగ్. రోజుకు 800 సంపాదించే ఎలక్ట్రీషియన్‌కు పూట పోతే 400 పోయినట్టే, అది దాదాపు ఇంకో బిల్లు. అందుకే ముందురోజు ఫోన్ చేసి పొద్దున్నే మొదటి వరుసలో పెట్టించుకోవడం మేలు. ఆదివారం మూసే సెంటర్లలో సోమవారం రద్దీ ఉంటుంది.

గడువు దాటితే ఆ కూపన్ చెల్లకపోవచ్చు. వంద సీసీ బండికి లేబరు మూడు, నాలుగు వందలు, దాని మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టుకోవాల్సి వస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు వారంటీతో. రేపు ఇంజిన్‌లో ఏదైనా పోతే మొదట అడిగేది సర్వీసు రికార్డే. బయట మెకానిక్ దగ్గర మంచి ఆయిలే పోయించినా ఆ రికార్డులో ఎక్కదు. రెండు రోజులు దాటినంత మాత్రాన వదిలేయకండి, వెంటనే వెళ్లి మాట్లాడండి.

బండి తీసుకునేటప్పుడు స్ప్లెండర్ అయితే సెంటర్ స్టాండు వేయించి ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి. కాసేపాగి ఆయిల్ మూతకున్న పుల్లను తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తీయండి. తడి రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటినా మంచిది కాదు. చైన్‌ను కింద నుంచి మధ్యలో వేలితో ఎత్తితే సుమారు అంగుళం ఆడాలి.

ఇలా నెలనెలా కట్టాలా అని ఇంట్లో అడుగుతారు. అక్కర్లేదు. షైన్‌కు రెండో సర్వీసు 5500 నుంచి 6000 కిలోమీటర్లకు, లేదా ఆరు నెలలలోపు. 450 రూపాయల బిల్లును మొదటి 750 కిలోమీటర్ల మీద వేస్తే కిలోమీటరుకు 60 పైసలు. తర్వాతి ఐదు వేల కిలోమీటర్లకు అదే ఖర్చు 9 పైసలు.