లాంగ్ ట్రిప్‌కు లారీ కదిలే ముందు... గంటలు, కాగితాలు, కాటా

"ఎల్లుండి రాత్రికల్లా ఢిల్లీలో దించాలి, అవుతుందా?" హైదరాబాద్‌లో లోడు మాట్లాడేటప్పుడు బ్రోకర్ అడిగే మాట ఇది. కాదంటే కిరాయి ఇంకొకరికి పోతుంది. అందుకే చాలామంది "అవుతుంది భాయ్" అనేస్తారు. ప్రమాదానికి బీజం పడేది అక్కడే. మనలో లారీ మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంటి పెద్ద స్టీరింగ్ పట్టుకుని వెళ్తే, క్షేమంగా తిరిగొచ్చేదాకా ఇంట్లోవాళ్లకు నిద్ర ఉండదు. కాబట్టి బండి కదలకముందే ఏం చూసుకోవాలో ఈ ఢిల్లీ ట్రిప్పునే తీసుకుని చెప్పుకుందాం.

ముందు గంటల లెక్క

హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఢిల్లీ సుమారు 1,550 కిలోమీటర్లు. నాలుగు లైన్ల రోడ్డు మీద సరుకు బండికి గరిష్ఠ వేగం 80. కానీ టోల్‌గేట్లు, ఘాట్లు, ఊళ్లు అన్నీ కలుపుకుంటే లోడు బండికి గంటకు సగటున 40 వస్తే గొప్ప. డ్రైవర్‌కు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, అయిదు గంటలు దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి. ఇది 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పెట్టిన హద్దు.

8 గంటలు, గంటకు 40... అంటే రోజుకు 320 కిలోమీటర్లు. మొదటి రాత్రి ఆదిలాబాద్, రెండో రాత్రి నాగ్‌పూర్ దాటి సివనీ, మూడోది సాగర్, నాలుగోది గ్వాలియర్, అయిదో రోజు ఢిల్లీ. ఇద్దరు డ్రైవర్లుంటే ఇంకాస్త ముందే చేరొచ్చు. ఒక్కడే ఉంటే రెండున్నర రోజుల్లో చేరడమంటే నిద్ర మానుకోవడమే. టీ తాగినా, ముఖం కడుక్కున్నా నిద్ర వాయిదా పడుతుందే తప్ప పోదు. తెల్లవారుజామున కన్ను మూతపడే వేళ బండి నడపకుండా ప్లాన్ వేసుకోవడం అన్నిటికంటే ముఖ్యం.

ఈ-వే బిల్లు తొందరపెట్టదు

"బిల్లు టైం అయిపోతుంది, తొందరగా పో" అని కొందరు భయపెడతారు. అసలు సంగతి వేరు. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి, నిజమే. కానీ మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఇస్తారు. ఢిల్లీ దూరానికి 8 రోజులు వస్తాయి. మన లెక్క 5 రోజులే! దారిలో బండి చెడిపోయి ఆలస్యమైతే, గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిసిన 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. సరుకు వేరే బండిలోకి మారిస్తే కొత్త బండి నంబరు బిల్లులో ఎక్కించాలి. లేకపోతే తనిఖీలో బండినీ సరుకునూ ఆపేస్తారు.

కాగితాలు చూసుకోండి

ఆర్‌సీ, నేషనల్ పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్సు... వీటిలో ఏది ఏ తేదీతో ముగుస్తుందో చూడండి. బయల్దేరే తేదీ కాదు, తిరిగి ఇంటికి చేరే తేదీ దాకా ఉండాలి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. డిజీలాకర్, ఎం-పరివాహన్‌లో ఉన్న కాగితాలు చెల్లుతాయి. అయినా ఒక సెట్టు బండిలో, ఒక సెట్టు ఇంట్లో ఉంచండి.

సొంత బండి నడిపే ఓనర్‌కు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందా? జీతానికి నడిపే డ్రైవర్‌కు, క్లీనర్‌కు ఆ పాలసీ వర్తిస్తుందా? ఈ మాట అడగడానికి మొహమాటపడొద్దు. ఆపద వస్తే ఇంటికి ఆసరా ఆ కాగితమే.

కాటా వేయకుండా కదలొద్దు

ఆర్‌సీలో రాసిన మొత్తం బరువే హద్దు. బండి బరువు, లోడు రెండూ కలిపి అన్నమాట. కేంద్ర చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20 వేల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2 వేలు. పైగా ఎక్కువైన సరుకును అక్కడే దించాలి, దించే ఖర్చూ మీదే. అంతకన్నా పెద్ద నష్టం, బ్రేకు కొట్టిన చోట బండి ఆగదు. లోడింగ్ అయ్యాక కాటా చీటీ తీసుకోండి. టైర్లు, బ్రేకులు, వెనక లైట్లు, రేడియం స్టిక్కర్లు చూసి, తాళ్లు, టార్పాలిన్ మళ్లీ బిగించండి.

దారిలో, ఇంట్లో

బండి ఆపితే పెట్రోలు బంకులోనో, లారీల పార్కింగ్‌లోనో ఆపండి, రోడ్డు అంచున వద్దు. చలికాలంలో ఆగ్రా దాటాక పొగమంచు ఎదురైతే ఎండ వచ్చేదాకా ఆగడమే మేలు. ఢిల్లీలోకి లారీలు వెళ్లే వేళలు, పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షలు ఉన్నాయేమో సరుకు దించుకునే పార్టీని ముందే అడగండి. హైవే మీద సాయానికి 1033, అత్యవసరానికి 112.

ఇంట్లోవాళ్లు కూడా ఒక పని చేయాలి. బండి నడిపేటప్పుడు ఫోన్ చేయొద్దు. రాత్రి హాల్టు ఎక్కడో ముందే రాసుకుని, ఆ వేళకే మాట్లాడండి. ఎక్కడున్నావని కాదు, ఎన్ని గంటలు పడుకున్నావని అడగండి.

ఇక బ్రోకర్‌కు జవాబు: "అయిదు రోజులు పడుతుంది భాయ్." ఒప్పుకుంటే లోడు, లేకపోతే ఇంకో లోడు.