మన స్కూటర్‌లోని పొడి క్లచ్

పిల్లలూ! బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో మంచాలు, బల్లలు అమ్మేసినా స్కూటర్‌ను మాత్రం వెంట తీసుకుపోతాం. పెట్రోలు తీసేసి, గోనెపట్టా చుట్టి రైలు పార్సిల్‌లో వేస్తాం. మా స్కూటర్ కూడా అలాగే కాకినాడ నుంచి షిల్లాంగ్ చేరింది. కొత్త ఊరి నీళ్లు కొందరికి పడనట్టు, అక్కడి కొండదారులు దానికి పడలేదు. ఆ ఇబ్బంది వల్లే పొడి క్లచ్ అంటే ఏమిటో మేము తెలుసుకున్నాం.

ఇంజన్‌ను చక్రంతో కలిపేది, అవసరమైనప్పుడు విడదీసేది క్లచ్. మన రోడ్ల మీద తిరిగే గేర్ల మోటారు సైకిళ్లలో చాలావాటికి క్లచ్ పలకలు ఇంజన్ ఆయిల్‌లో మునిగి ఉంటాయి. అది తడి క్లచ్. రాపిడి వల్ల పుట్టే వేడిని ఆయిల్ లాగేస్తుంది. పొడి క్లచ్‌కు ఆయిల్ తగలదు, గాలే దాన్ని చల్లబరచాలి. ఇటలీలో తయారైన డుకాటి 916 మోటారు సైకిల్‌కు ఉన్నది ఇదే. మన గేర్లు లేని స్కూటర్‌లో ఉన్నదీ పొడి క్లచ్చే.

అది వెనక చక్రం పక్కన, బెల్టు ఉండే పెట్టెలో ఉంటుంది. గిన్నెలాంటి ఒక డ్రమ్ము, దాని లోపల స్ప్రింగులతో బిగించిన షూలు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు షూలు ముడుచుకుని ఉంటాయి. ఎక్సలేటర్ తిప్పితే, రంగులరాట్నంలో కుర్చీలు బయటికి లేచినట్టు, అవి విచ్చుకుని గిన్నె గోడను పట్టుకుంటాయి. గిన్నెతోపాటు చక్రం తిరుగుతుంది. మీ సైన్సు పాఠంలోని అపకేంద్ర బలం చేసే పని ఇదే.

షిల్లాంగ్‌లో ఎత్తు మీద ట్రాఫిక్ ఆగినప్పుడల్లా మేము బ్రేకు పట్టకుండా, ఎక్సలేటర్ కొద్దిగా తిప్పి బండి జారకుండా నిలబెట్టేవాళ్లం. కొన్నాళ్లకు కాలిన వాసన మొదలైంది. పట్టించుకోలేదు. ఒక ఉదయం మా అమ్మాయి వెనక కూర్చుని ఉండగా ఇంజన్ హోరుమంది గానీ బండి ఎక్కలేదు. వెనక్కి జారింది. వెనక లారీ ఉంది. బ్రేకులు పట్టాయి కాబట్టి బతికిపోయాం.

మెకానిక్ విప్పి చూపించాడు. షూల లైనింగ్ గాజులా నున్నబడింది, గిన్నె నీలంగా మారింది. సగం పట్టి సగం జారుతూ ఉంటే పుట్టే వేడి పని అది. రెండూ మార్చాల్సి వచ్చింది.

అప్పటి నుంచి మేము పాటిస్తున్నవి ఇవి:

1. ఎత్తు మీద ఆగితే ఎక్సలేటర్ పూర్తిగా వదిలి బ్రేకు పట్టుకోవాలి.

2. ఎక్సలేటర్ తిప్పకుండానే బండి ముందుకు పోతుంటే మెకానిక్‌కు చూపించాలి. ఐడ్లింగ్ ఎక్కువై ఉండవచ్చు, స్ప్రింగులు బలహీనపడి ఉండవచ్చు.

3. చప్పుడు వస్తోందని క్లచ్‌లో నూనె, గ్రీజు వేయకూడదు. షూలకు జిడ్డు అంటితే పట్టు పోతుంది.

4. బండి నీటిలో మునిగితే పెట్టె విప్పించి ఆరబెట్టించాలి. వారాల తరబడి తేమలో నిలిచిన బండికి గిన్నె తుప్పు పట్టి, కదిలేటప్పుడు వణుకు వస్తుంది. పార్సిల్‌లో వచ్చిన బండికి ఇది ముఖ్యం.

5. లోపలి దుమ్మును నోటితో ఊదకూడదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిపించాలి. ఆ సమయంలో పిల్లలు దూరంగా ఉండాలి.

ఇంట్లో ఇంజన్ ఆయిల్ డబ్బా ఉంటే చూడండి. జాసో ఎం.ఏ. అని ఉంటే తడి క్లచ్ బండ్లకు, ఎం.బి. అని ఉంటే మన స్కూటర్ల వంటివాటికి. ఎం.బి. ఆయిల్‌లో రాపిడి తక్కువ. దాన్ని తడి క్లచ్ మోటారు సైకిల్‌లో పోస్తే క్లచ్ జారవచ్చు.

ఈసారి బదిలీ అయి కొత్త ఊళ్లో స్కూటర్ దింపుకున్నప్పుడు, మొదటి ఎత్తు ఎక్కకముందే క్లచ్ ఒకసారి చూపించమని అమ్మకో నాన్నకో గుర్తుచేయండి. వెనక సీటు మీద కూర్చునేది మీరే కదా!