గ్లాసు ధర ఎంత?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు, "విజయగాథ మాత్రం రాయకు, అవి ఇప్పటికే నాలుగు వచ్చాయి" అన్నారు. అందుకని నేను తప్పిన ఒక లెక్క గురించి రాస్తున్నాను.

తమ్ముళ్లారా, ముందు ఆ లెక్క చదవండి. ఒక స్టీలు ప్లేటు, ఒక గ్లాసు కలిపి 110 రూపాయలు. ప్లేటు ధర గ్లాసు ధర కంటే 100 రూపాయలు ఎక్కువ. అయితే గ్లాసు ధర ఎంత?

మీ మనసులో ఇప్పుడు "పది" అనే మాట వచ్చి కూర్చుంది. నాకు తెలుసు, ఎందుకంటే నాకూ అదే వచ్చింది. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో, స్టాటిస్టిక్స్ క్లాసులో, మా సార్ ఈ లెక్క అడిగారు. అందరికంటే ముందు చెయ్యి ఎత్తింది నేనే. "పది రూపాయలు సార్" అన్నాను. సార్ నవ్వి, "ప్లేటు వంద, గ్లాసు పది అయితే తేడా ఎంత?" అన్నారు. తొంభై. లెక్క ప్రకారం తేడా వంద ఉండాలి. గ్లాసు 5, ప్లేటు 105. మూడో తరగతి పిల్లవాడికి వచ్చే కూడిక, తీసివేత తప్ప అందులో ఏమీ లేదు.

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆ రోజు సాయంత్రం నేను అన్నం తినలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. తప్పు చేసిన ప్రతిసారీ నాకు తోచేది ఒక్కటే: "మన దగ్గర అసలు ఆ బుర్ర లేదు, ఇంతవరకు ఎట్లాగో నెట్టుకొచ్చాం." ఈ మాట మీలో చాలామంది లోలోపల అనుకుంటారని నాకు తెలుసు. అందుకే ఈ వ్యాసం.

మర్నాడు సార్ అసలు సంగతి చెప్పారు. ఈ లెక్క అమెరికాలో షేన్ ఫ్రెడరిక్ అనే ఆచార్యుడు 2005లో ప్రకటించిన మూడు ప్రశ్నల పరీక్షలో మొదటిది. ఆయన అడిగింది బ్యాటు, బంతి ధర. మొత్తం 3,428 మందికి ఆ మూడు ప్రశ్నలు ఇచ్చారు. మూడూ సరిగా చేసినవాళ్లు నూటికి 17 మంది. ఒక్కటీ చేయలేనివాళ్లు 33 మంది. ప్రపంచంలో పేరున్న మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సైతం మూడూ చేసినవాళ్లు సగానికి తక్కువే, నూటికి 48 మంది. వాళ్లు తాతముత్తాతల నుంచి చదువుకున్న ఇళ్ల పిల్లలే అయి ఉంటారు, అందులో చాలామంది.

నాకు అన్నిటికంటే నచ్చిన అంకెలు ఇంకో రెండు ఉన్నాయి. బ్యాటు, బంతి లెక్క తప్పు చేసినవాళ్లను "నూటికి ఎంతమంది దీన్ని సరిగా చేస్తారు?" అని అడిగితే 92 మంది అన్నారు. సరిగా చేసినవాళ్లను అడిగితే 62 మంది అన్నారు. అంటే తప్పు చేసినవాడికే లెక్క సులువుగా కనిపించింది. నేను చెయ్యి ఎత్తిన వేగం గుర్తొచ్చింది.

పది ఎందుకు వస్తుంది? 110ని చూడగానే మనసు దాన్ని 100, 10గా విరిచేస్తుంది. ప్రశ్నలో 100 అనే అంకె కనిపించనే కనిపించింది. ఇక మిగిలింది పది. "కంటే ఎక్కువ" అన్న రెండు మాటలను మనసు దాటేసి, "ప్లేటు వంద" అని చదివేసుకుంటుంది. అడిగిన ప్రశ్న పక్కన పెట్టి, దానికి దగ్గరగా ఉన్న సులువైన ప్రశ్నకు జవాబు చెబుతుంది. డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త (2002లో అర్థశాస్త్రంలో నోబెల్ పొందారు, 2024లో కన్నుమూశారు) ఆలోచనను రెండు రకాలుగా చెప్పారు. ఒకటి వేగంగా, కష్టం లేకుండా దానంతటదే వచ్చేది. రెండోది నిదానంగా, చెమటోడ్చి చేసేది. రెండోది బద్ధకస్తురాలు. మొదటిది తెచ్చిన జవాబు చూడ్డానికి బాగుంటే చాలు, సంతకం పెట్టేస్తుంది.

దీనికి చిన్న రుజువు ఉంది. ఇదే లెక్కను అంకెలు మార్చి అడగండి: ప్లేటు, గ్లాసు కలిపి 137 రూపాయలు, ప్లేటు 59 రూపాయలు ఎక్కువ. ఇప్పుడు ఏ జవాబూ ఎగిరి రాదు. కాగితం తీసుకోవాల్సిందే. అంకెలు కష్టమయ్యాయి కాని తప్పు చేసేవాళ్లు తగ్గుతారు. ఫ్రెడరిక్ కూడా ఇలాంటి జతను అడిగి ఇదే చూశారు. (జవాబు 39. సరిచూసుకోండి, నన్ను నమ్మొద్దు.)

దసరా సెలవులకు వాడపల్లికి వెళ్లినప్పుడు ఆ పరీక్షలోని రెండో ప్రశ్నను మా అమ్మను అడిగాను. అసలు ప్రశ్న యంత్రాలూ వస్తువులూ అని ఉంటుంది. నేను ఇలా అడిగాను: "ఐదుగురు కైకిలోళ్లు ఐదు గంటల్లో ఐదు మడులు నాటు పెడతారు. వందమంది వంద మడులు నాటాలంటే ఎన్ని గంటలు పడుతుంది?" ఇదే ప్రశ్న అంతకుముందే హాస్టల్లో టెన్త్ పిల్లలను అడిగితే "వంద గంటలు" అని ఒక్క గొంతుతో అన్నారు. ఐదు ఐదు ఐదు, వంద వంద వంద. చెవికి ఇంపుగా ఉంది కదా!

మా అమ్మ ఎంగిలి గిన్నెలు తోముతూ తల కూడా ఎత్తలేదు. "అదేం లెక్క బిడ్డా, అయిదు గంటలే. ఎవల మడి వాళ్లే నాటుతుండ్రు గదా" అంది.

అమ్మ బడికి పోలేదు. వేలిముద్ర నుంచి సంతకానికి వచ్చింది కూడా నేను డిగ్రీలో చేరాకే. నాకు గర్వంతో ఛాతీ ఉబ్బింది. వెంటనే ప్లేటు, గ్లాసు లెక్క కూడా అడిగాను. "పది" అంది.

ఇక్కడే అసలు విషయం ఉందని నాకు అనిపించింది. అమ్మ తెలివి ఒక నిమిషంలో పెరిగి తరుగుతుందా? నాటు ఆమె చేతిలో ఉన్న పని. మనుషులు పెరిగితే మడులు పెరుగుతాయని ఆమెకు నడుముకు తెలుసు. "కంటే ఎక్కువ" అనే మాటల బేరం ఆమె చేతికి ఎప్పుడూ తగల్లేదు.

పీటర్ వాసన్ అనే ఆయన 1966లో చేసిన నాలుగు కార్డుల పరీక్ష కూడా ఇదే చెబుతుంది. నాలుగు కార్డుల మీద అ, క, 4, 7 అని ఉన్నాయి. ప్రతి కార్డుకు ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. "ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి" అనేది నియమం. నియమం తప్పిందో లేదో తెలుసుకోవడానికి ఏ కార్డులు తిప్పి చూడాలి? చాలామంది అ, 4 అంటారు. సరైన జవాబు అ, 7. నాలుగు వెనక హల్లు ఉన్నా నియమానికి నష్టం లేదు. ఏడు వెనక అచ్చు ఉంటే నియమం తప్పినట్టే. పదిమందిలో ఒక్కరు సరిగా చెబితే గొప్ప.

ఇప్పుడు మన హాస్టల్ నియమం తీసుకోండి: "బయటికి వెళ్లినవాడి దగ్గర చీటీ ఉండాలి." నలుగురు పిల్లలు. ఒకడు బయటికి వెళ్లాడని తెలుసు. ఒకడు లోపలే ఉన్నాడని తెలుసు. మూడోవాడి దగ్గర చీటీ ఉంది. నాలుగోవాడి దగ్గర లేదు. వార్డెన్ సార్ ఎవరెవరిని పట్టుకుంటారు? ఆరో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు: బయటికి వెళ్లినవాణ్ణి చీటీ అడుగుతారు, చీటీ లేనివాణ్ణి ఎక్కడికి వెళ్లావని అడుగుతారు. చీటీ ఉన్నవాడి జోలికి పోరు. ఇది అచ్చంగా కార్డుల లెక్కే! 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు అమెరికాలో మద్యం తాగే వయసు నియమంతో ఇలాగే అడిగితే, కార్డుల దగ్గర తడబడిన విద్యార్థుల్లోనే నలుగురికి దాదాపు ముగ్గురు సరిగా చెప్పారు.

అయితే అనుభవం ఉంటే చాలు, మనసు తప్పు చెప్పదు అనుకోవద్దు. మా నాయిన సంగతి చెబుతాను.

నాయిన మిర్యాలగూడ రైసుమిల్లుల్లో హమాలీ పని చేశాడు. బస్తాను భుజానికి ఎత్తుకోగానే ఎన్ని కిలోలో చెబుతాడు. కాంటా మీద పెడితే కిలో అటూ ఇటూ. అటువంటి మనిషి, నేను ఏడో తరగతిలో ఉండగా 20,000 రూపాయలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. నెలకు 600, ఏడాదికి 7,200. మూడేళ్లకు అసలు, మిత్తి కలిపి 41,600 అవుతుందని మనసులో లెక్క కట్టుకున్నాడు. కాని ఏటా ఉగాదికి నోటు తిరగరాసేవారు. మొదటి ఏడాది చివర నోటు 27,200కు, రెండో ఏడాది 36,992కు. మూడో ఏడాది కట్టాల్సింది 50,309. నాయిన మోసం జరిగిందన్నాడు. నేను కాగితం మీద మూడుసార్లు వేశాను. కూడిక తప్పు లేదు. ఆ 8,709 రూపాయల తేడాకు మా బర్రె పోయింది.

ఫ్రెడరిక్ మూడో ప్రశ్న కూడా ఈ జాతిదే. ఆయనది కలువ ఆకులు, మనది గుర్రపుడెక్క అనుకుందాం. మా ఊరి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది కనుక గుర్రపుడెక్క మాకు చుట్టమే. ఒక చెరువులో అది రోజుకు రెట్టింపవుతూ 48 రోజుల్లో చెరువంతా కమ్మేస్తుంది. సగం చెరువు ఎన్నో రోజుకు నిండుతుంది? మనసు 24 అంటుంది. జవాబు 47. (నిజం గుర్రపుడెక్క రెట్టింపు కావడానికి వారం, రెండు వారాలు పడుతుంది, భయపడకండి.) ఇంకో మాట చూడండి. 41వ రోజున అది చెరువులో నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఆ రోజు గట్టు మీద నిలబడ్డవాడు "ఏముందిలే" అనే అంటాడు. మిత్తి కూడా మొదటి ఉగాదికి అలాగే ఉంటుంది.

బస్తా బరువు చెప్పగలిగిన మనిషికి అప్పు బరువు ఎందుకు అందలేదు? కానెమన్, గ్యారీ క్లీన్ కలిసి 2009లో రాసిన ఒక వ్యాసంలో దీనికి జవాబు దొరికింది నాకు. మనసుకు తోచింది నమ్మదగినది కావాలంటే రెండు కావాలట. ఆ పని ఒక క్రమంలో జరిగేదై ఉండాలి. మనం అనుకున్నది తప్పో ఒప్పో వెంటనే, మళ్లీ మళ్లీ తెలుస్తూ ఉండాలి. బస్తాకు కాంటా పక్కనే ఉంది. ఎత్తిన ప్రతిసారీ అది నాయినకు పాఠం చెప్పింది, వేలసార్లు. అప్పుకు కాంటా మూడేళ్లకు ఒక్కసారి వచ్చింది. అప్పటికి నేర్చుకుని లాభం లేదు.

పరీక్షలు రాసే మన సంగతీ అంతే. మాదిరి ప్రశ్నాపత్రం చేసి, వెనక పేజీలో జవాబు చూసుకోకుండా మూసేసేవాళ్లు హాస్టల్లో ఎందరో. నేనూ ఒకణ్ణి.

ఇంతవరకు పరదేశాల వాళ్ల లెక్కలే చెప్పాను. ఒక తెలుగాయన లెక్క కూడా ఉంది, అది బాలుర హాస్టల్‌కు కొలిచి కుట్టినట్టు ఉంటుంది. ఆయన సి.ఆర్. రావు గారు. 1920లో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి అది దొరక్క, 1941లో అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు చేరారు. నేను చదివే స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో ఆయన పేరు లేనిది లేదు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

ఆయన పాఠం చెప్పిన ఊళ్లలో మగపిల్లలను ఒక ప్రశ్న అడిగేవారు: "నిన్ను కలుపుకుని మీ ఇంట్లో అన్నదమ్ములు ఎందరు? అక్కచెల్లెళ్లు ఎందరు?" అందరివీ కూడితే రెండు మొత్తాలు ఎలా ఉంటాయి? ఆడామగా ఇంచుమించు సమానం కనుక మొత్తాలూ దగ్గర దగ్గరగా ఉంటాయని మనసు చెబుతుంది. 1975లో తిరుపతిలో 592 మంది చెప్పిన లెక్క కూడితే అన్నదమ్ములు 1,902, అక్కచెల్లెళ్లు 1,274. తేడా 628! ఆడపిల్లలు ఏమయ్యారని కంగారు పడొద్దు. చెప్పిన ప్రతివాడూ తనను తాను అన్నదమ్ముల్లో కలుపుకున్నాడు. ఆ 592 తీసేస్తే అన్నదమ్ములు 1,310, అక్కచెల్లెళ్లు 1,274. ఇంచుమించు సమానం. ఆడపిల్లలే ఉన్న ఇళ్లు అసలు ఆ గదిలోకి రానే రాలేదు. గదిలో ఎవరున్నారో అది చూస్తాం కాని, ఎవరు రాలేదో అది మనసుకు తోచదు.

వార్షికోత్సవం రోజు భోజనాల వరుసలో ఒకరు నోటుబుక్కు పట్టుకుని ఈ రెండు ప్రశ్నలూ అడగండి. కూడేముందు మన హాస్టల్ సంఖ్యను ఒక చీటీ మీద రాసి వార్డెన్ సార్ చేతికి ఇవ్వండి. రెండు మొత్తాల తేడా దాని దగ్గరకే వస్తుంది. బాలికల హాస్టల్‌లో ఇదే అడిగితే ఏం వస్తుందో నేను రాయడం లేదు. అక్కడ మీ అక్కో చెల్లెలో ఉంటే అడిగి చూడండి.