కోలుకున్నాకే కొట్లాడాలా?

ఉద్యమాల్లో తిరిగేవాళ్లకు మనసు బాగోలేదని తెలిస్తే చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా ఒకటే: ముందు నువ్వు బాగుపడు, తర్వాత లోకం సంగతి చూద్దువుగాని. చెప్పేవాళ్లది ప్రేమే, కాదనలేం. కానీ కుంగుబాటు, బైపోలార్ లాంటివి చాలామందిలో ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉంటాయి. పూర్తిగా నయమయ్యేదాకా ఆగమంటే వాళ్లను ప్రజాజీవితంలోంచి పంపేసినట్టే. అసలు మానసిక రోగుల హక్కుల కోసం మొదట గట్టిగా గొంతెత్తినవాళ్లలో పూర్తిగా నయమయ్యేదాకా ఆగనివాళ్లు ఉన్నారు.

అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ అలాంటివాడే. యేల్‌లో చదివిన ఈ యువకుడు 1900లో ఆత్మహత్యకు ప్రయత్నించి బతికాడు. తర్వాత మూడేళ్లు కనెటికట్ రాష్ట్రంలోని ఆస్పత్రుల్లో గడిపాడు. అక్కడ కాపలావాళ్ల చేతిలో దెబ్బలు తిన్నాడు, చేతులు కదలనివ్వని చొక్కాలో బందీ అయ్యాడు. లోపలినుంచే గవర్నరుకు ఫిర్యాదు రాశాడు. విడుదలయ్యాక ఆ అనుభవాలను పుస్తకంగా రాయబోతే ఉత్సాహం హద్దు దాటుతోందని ఇంట్లోవాళ్లు కనిపెట్టారు. 1905లో తనంతట తానే వెళ్లి మళ్లీ ఆస్పత్రిలో చేరాడు. నాకు ఆయన ధైర్యం పుస్తకంలో కన్నా ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది. తత్వవేత్త విలియం జేమ్స్ ప్రోత్సాహంతో, మనోవైద్యుడు అడాల్ఫ్ మేయర్ సలహాలతో 1908లో పుస్తకం వచ్చింది. అదే ఏడాది మానసిక ఆరోగ్యం కోసం ఆయన పూనికతో రాష్ట్ర సంఘం, 1909లో జాతీయ కమిటీ పుట్టాయి. 1939లో బీర్స్ మళ్లీ జబ్బుపడ్డాడు, 1943లో ఆస్పత్రిలోనే చనిపోయాడు. కమిటీ మాత్రం ఆగలేదు. 1950లో మరో రెండు సంస్థలతో కలిసి పెద్ద జాతీయ సంఘమైంది. అంటే ఆయన బలం జబ్బును జయించడంలో లేదు. తాను పడిపోయినా పని పడిపోకుండా మోసేవాళ్లను ముందే కూడగట్టుకోవడంలో ఉంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. పంచుకున్న పని చేజారిపోవచ్చు. బీర్స్ కమిటీలో క్రమంగా వైద్యులదే పైచేయి అయింది, రోగుల మాట వెనక్కిపోయింది. గర్భస్రావం తర్వాతి కుంగుబాటుతో 1966లో ఆస్పత్రి పాలైన జూడీ చాంబర్లిన్ వంటివారు 1970లలో రోగులే నడిపే సంఘాలతో ఆ మాటను తిరిగి ముందుకు తెచ్చారు. కాబట్టి పక్కన ఎవరుండాలన్నదీ ఆలోచించాల్సిందే: నిపుణులు మాత్రమే చాలరు, అదే బాధ పడ్డవాళ్లూ ఉండాలి.

ఇంకో అభ్యంతరం: ఉద్యమమే జబ్బును ముదరబెడుతుంది కదా? నిజమే, బైపోలార్ ఉన్నవాళ్లకు వరసగా నిద్ర చెడితే ఉన్మాద దశ మొదలవచ్చు. అయితే మార్చాల్సింది మనిషిని కాదు, అర్ధరాత్రి దాకా సాగే సమావేశాలను. ప్రతి బాధ్యతకూ రెండో మనిషిని పెట్టడం, మందులు వేసుకునేవాళ్లు దాచుకోనక్కర్లేని వాతావరణం కల్పించడం సంఘానికి భారమేమీ కాదు. జ్వరమొచ్చినవాడికి సెలవిచ్చే సంఘం కుంగిపోయినవాడిని నమ్మదగనివాడిగా లెక్కేయడంలో న్యాయం లేదు.

మన దేశంలో ఈ వాదనకు చట్టం అండ కూడా ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు పాతికమందికి పైగా మంటల్లో కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. రోగుల ఫిర్యాదులు వినే సమీక్ష బోర్డుల్లో జిల్లా జడ్జి స్థాయి అధ్యక్షుడు, వైద్యులతోపాటు మరో రెండు స్థానాలు కేటాయించింది. వాటిలో మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు గానీ, వాళ్లను చూసుకునేవాళ్లు గానీ, వాళ్ల తరఫు సంస్థల ప్రతినిధులు గానీ కూర్చోవచ్చు. ‘గానీ’ అన్న వెసులుబాటు వల్ల రోగులు ఒక్కరూ లేకుండానే బోర్డు నడిచే వీలుంది. ఆ రెండింటిలో ఒకటైనా తప్పనిసరిగా రోగులకే ఇవ్వాలని అడగాల్సింది కూడా వాళ్లే. ఆ పోరాటంలో ఎవరికైనా మనసు మొరాయిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం.