రెండు ఆనర్స్, రెండు పట్టాలు

ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కాన్‌ఫీల్డ్ బిజినెస్ ఆనర్స్‌లోనూ, లిబరల్ ఆర్ట్స్ కళాశాల నడిపే ప్లాన్ టూ ఆనర్స్‌లోనూ సీటు వచ్చిన విద్యార్థి ఒకటి ఎంచుకోవాలా, రెండూ చదవాలా అన్నది డాలస్, ఆస్టిన్ పరిసరాల తెలుగు కుటుంబాలకూ ఎదురవుతున్న ప్రశ్న. ఆనర్స్ అంటే విడిగా దరఖాస్తు చేసుకుని, ప్రతిభను బట్టి ఎంపికై, తక్కువమంది ఉండే తరగతుల్లో చదివే కోర్సు. ఉన్నత పాఠశాలలో ముందు వరుసలో నిలిచినవారికి 1997 నాటి టెక్సస్ చట్టం కల్పించే ప్రవేశం విశ్వవిద్యాలయం వరకే వర్తిస్తుంది తప్ప ఆనర్స్ సీటుకు వర్తించదు.

ఈ రెంటినీ కలిపి చదవడాన్ని వాడుకలో డబుల్ మేజర్ అంటున్నా, నిజానికి ఇవి రెండు పట్టాలు. ఒకే పట్టా కింద రెండు ప్రధానాంశాలు చదివితే అది డబుల్ మేజర్. ఇక్కడ బిజినెస్ ఆనర్స్‌కు బీబీఏ, ప్లాన్ టూకు బీఏ విడివిడిగా వస్తాయి గనుక దేని నిబంధనలు దానివే. అమెరికా చరిత్ర, ప్రభుత్వం వంటివి ఉన్న 42 క్రెడిట్ గంటల రాష్ట్ర ఉమ్మడి పాఠ్యప్రణాళిక రెంటికీ చెల్లుతుంది కాబట్టి భారం కొంత తగ్గుతుంది. ఉన్నత పాఠశాలలో రాసిన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల క్రెడిట్లూ కొంత ఆదుకుంటాయి గాని, ప్లాన్ టూకు ప్రత్యేకమైన తరగతులను అవి భర్తీ చేయలేవు.

1935లో మొదలైన ప్లాన్ టూలో మొదటి ఏడాదంతా ప్రపంచ సాహిత్యం, తర్వాత తత్త్వశాస్త్రం, మూడో ఏట చర్చలతో సాగే సెమినార్లు, చివర విద్యార్థి తానే విషయం ఎంచుకుని పరిశోధించి రాసే థీసిస్ ఉంటాయి. వీటికితోడు ఒక విదేశీ భాషలో నాలుగు సెమిస్టర్ల స్థాయి ప్రావీణ్యం కావాలి. అసలు ఒత్తిడి క్రెడిట్ల లెక్కలో కంటే కాలపట్టికలోనే ఉంది: ఫైనాన్స్, కన్సల్టింగ్ సంస్థలు వేసవి ఇంటర్న్‌షిప్పులకు రెండో, మూడో ఏళ్లలోనే ఎంపికలు జరుపుతాయి, సరిగ్గా అప్పుడే చదవవలసిన పుస్తకాలు, రాయవలసిన వ్యాసాలు పెరుగుతాయి.

పదో తరగతి కాగానే ఎంపీసీ, బైపీసీ గ్రూపులుగా విడిపోయిన చదువుల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఆర్ట్స్ అనగానే వేరే సీటు దొరకనివారి చదువుగా తోచడం సహజమే అయినా, ఆ అంచనా ఇక్కడ పూర్తిగా తప్పు. పౌరశాస్త్రాన్నీ, ఆర్థికశాస్త్రాన్నీ, వాణిజ్యాన్నీ ఒకే చోట చేర్చిన సీఈసీ గ్రూపు మన ఇంటర్మీడియట్‌లోనే ఉందన్నది వారు గుర్తు తెచ్చుకోదగిన సంగతి. ఆర్ట్స్‌ను తక్కువగా చూడడానికి విరుద్ధమైన పొరపాటు, ప్లాన్ టూను బీబీఏ పక్కన మెరిసే అలంకారంగా భావించి చేరడం, అంతకంటే నష్టం చేస్తుంది. ఎందుకంటే ఆసక్తి లేకుండా మొదలుపెట్టిన థీసిస్ ఆఖరి ఏడాదిని మింగేస్తుంది.

కాబట్టి బీబీఏ రాకపోయినా ప్లాన్ టూలో చేరి ఉండేవారే రెండూ చదవాలి. తక్కినవారికి బిజినెస్ ఆనర్స్‌లో ఉంటూ నచ్చిన సాహిత్య, చరిత్ర తరగతులు కొన్ని ఎంచుకోవడమే మేలు. చేరే ముందు విద్యార్థి రెండు పాఠ్యప్రణాళికలనూ సెమిస్టర్ల వారీగా కాగితం మీద వేసుకుని, రెండు విభాగాల సలహాదారులకూ చూపించి, ఐదో ఏడాది అవసరమైతే అయ్యే ఖర్చును ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.